అమ్మ మోకాలికి అడ్డొచ్చిన చెక్క

కాకినాడలో దిగి తొమ్మిది రోజులైంది. రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతున్నాయి. ఏసీ వేసుకుని ఫొటోలు చూసుకుంటుంటే, రెండు వారాల కిందట స్వెట్టర్లు తొడుక్కుని గొర్రెల మధ్య నడిచామంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు. 2024 జూన్ 4న ఎన్నికల రిజల్ట్స్ వచ్చాయంటే ఇక మా ఇంట్లో వేరే మాట వినపడదు కాబట్టి, ఈలోపే రాసేస్తున్నా.

అక్కా బావా ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో ఉంటారు. వాళ్ల బుజ్జిగాడికి మూడేళ్లు. అమ్మకి అరవయ్యారు. కిందటేడు కుడి మోకాలు మార్చారు, ఎడమది ఎప్పుడు మారుస్తారా అని చూస్తోంది. చదునైన నేల మీద మూడు నాలుగు కిలోమీటర్లు నాకంటే చురుగ్గా నడుస్తుంది, ఎత్తు మెట్టు కనపడితే మాత్రం ఆగిపోతుంది. ఈ వివరమంతా ఎందుకంటే, ఈ ప్రయాణంలో మేం ఏం చూశాం, ఏం చూడలేదు అన్నది చాలావరకు ఆ మోకాలే తేల్చింది. మోకాలు కూడా కాదు నిజానికి, అక్కడి పొలాల కంచెల్లో ఎవరో ఎప్పుడో బిగించిన చెక్కలు తేల్చాయి.

ఇంకో సంగతి. మేం దిగింది మే 11న. ముందు రోజు రాత్రే అక్కడ ఆకాశం అంతా గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వెలిగిందట, ధ్రువకాంతులు షెఫీల్డ్ దాకా కనపడ్డాయట. బావ ఫొటోలు చూపిస్తుంటే అమ్మ, "ఒక్కరోజు ముందు టికెట్టు తీస్తే ఏం పోయేది అల్లుడుగారూ" అంది. దాంతో మొదలైంది.

మే 13, సోమవారం: బేక్‌వెల్

పొద్దున్నే ఫోన్లు. ఇక్కడ పోలింగ్ రోజు, అమ్మ ఓటు కాకినాడలో, అమ్మ షెఫీల్డ్ బస్టాపులో. "జీవితంలో మొదటిసారి ఓటు పోగొట్టుకున్నా" అని బస్సెక్కేదాకా అంటూనే ఉంది. బస్సు మాత్రం చవక. అప్పట్లో ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఎంత దూరమైనా మనిషికి 2 పౌండ్లే, అంటే మన లెక్కలో 210 రూపాయలు. అమ్మ ప్రతి ధరనీ 105తో గుణిస్తుంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

బేక్‌వెల్‌లో సోమవారం సంత. వీధిలో బట్టలు, చీజు, పూలమొక్కల దుకాణాలు, ఏరు దాటితే పశువుల వేలం. అమ్మకి చీజు అక్కర్లేదు, గొర్రెల దగ్గరికి తీసుకెళ్లమంది. టోపీలు పెట్టుకున్న రైతులు ఇనప కమ్మీలకి మోచేతులు ఆన్చి నిలబడ్డారు, వేలం పాడేవాడు ఊపిరి పీల్చకుండా అంకెలు చదువుతున్నాడు. కొనేవాళ్లు కనుబొమ్మ ఎత్తుతారు, అంతే. "మన పిఠాపురం సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లు, ఇక్కడ అది కూడా లేదు, మొహంతోనే సరి" అంది.

బేక్‌వెల్ పుడ్డింగ్ తిన్నాం. పొరలు పొరలుగా ఉండే పిండి గిన్నెలో అడుగున జామ్, పైన బాదం, గుడ్డు కలిపిన మెత్తటి ముద్ద. చిన్నది నాలుగు పౌండ్లు. టార్ట్ వేరు, పుడ్డింగ్ వేరు, ఆ ఊళ్లో ఈ రెండింటినీ కలిపి మాట్లాడకూడదని బావ ముందే హెచ్చరించాడు. షాపులో పెద్దావిడ డబ్బులు తీసుకుంటూ అమ్మని "డక్" అని పిలిచింది. డెర్బీషైర్‌లో అది ముద్దు పిలుపు, మన "అమ్మా, తల్లీ" లాంటిది. అమ్మ బయటికొచ్చాక "నన్ను బాతు అంటుందేమే?" అంది. తన నడక గురించే అందేమోనని కాసేపు అనుమానపడింది కూడా.

మధ్యాహ్నం నుంచీ అసలు కథ. అక్కణ్నించి ఏటికి ఎగువన ఆష్‌ఫోర్డ్ ఇన్ ద వాటర్ అని ఓ ఊరుంది, సుమారు మూడు కిలోమీటర్లు, నడిచిపోదాం అన్నాడు బావ. ఫోన్లో మ్యాపు తీస్తే పొలాల మీదుగా ఆకుపచ్చ చుక్కల గీత ఉంది. ఆ గీత అంటే పబ్లిక్ ఫుట్‌పాత్. ఇది మన ఊళ్లలో రోడ్డు పక్క ఫుట్‌పాత్ కాదు. పొలం ఎవరిదైనా సరే, అందులోంచి నడిచే హక్కు జనానికి ఉంటుంది, గొర్రెలు మేస్తున్నా, పంట ఉన్నా. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి దారులు దాదాపు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయట. అమ్మకి చెబితే ఒక్క ముక్కలో అర్థమైపోయింది, "పుంత అన్నమాట."

అవును, పుంతే. గోదావరి జిల్లాల్లో పుంత, గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్ల బాట. ఊరి మ్యాపులో ఉంటుంది, ఎవడి సొంతమూ కాదు. మాకూ ఒక పుంత ఉంది కోనసీమలో అమ్మమ్మగారి ఊళ్లో. ఉండేది అనాలేమో, దాని కథ తర్వాత.

సరే, గీత పట్టుకుని బయల్దేరాం. ఒకచోట రెండు దారులు చీలాయి, బావ ఎడమ అన్నాడు, అక్క కుడి అంది, బావ మాటే నెగ్గింది కాబట్టి ఏరు వదిలేసి గట్టు ఎక్కడం మొదలైంది. రెండు పొలాలు దాటాక కంచె, కంచెలో స్టైల్.

స్టైల్ అంటే రజనీకాంత్ స్టైల్ కాదు. కంచె అలాగే ఉంటుంది, దానికి అడ్డంగా ఇటో చెక్క, అటో చెక్క మెట్టులాగా బిగిస్తారు. పక్కన పట్టుకోవడానికో గుంజ. మెట్టెక్కి, పైకమ్మీ మీదుగా ఒక కాలు అటు వేసి, రెండో కాలు తిప్పి, అవతలి మెట్టు మీదికి దిగాలి. మనిషి ఎక్కగలడు, గొర్రె ఎక్కలేదు. తలుపే లేదు కాబట్టి మూసే పనీ లేదు. నేను ఎక్కాను, దిగేటప్పుడు చెయ్యి జారి పక్కన పొదలో పెట్టాను. దురదగొండి లాంటి ఆకు, మోచెయ్యి దాకా మంట. ఎదురొచ్చిన ఒకాయన ఏమీ అడక్కుండానే పక్కనే ఉన్న వెడల్పాటి ఆకు తెంపి "రుద్దుకో" అన్నట్టు సైగ చేసి, స్టైల్ ఎక్కి వెళ్లిపోయాడు. అక్కడ ఈ రెండు మొక్కలూ పక్కపక్కనే మొలుస్తాయని అందరూ చెబుతారు. మంట తగ్గిందో, తగ్గిందని అనుకున్నానో!

అమ్మ వంతు వచ్చింది. మొదటి మెట్టు దాదాపు ఆవిడ మోకాలెత్తు. ఎడమ కాలు పెట్టి చూసింది, కుదరలేదు. కుడి కాలు పెట్టింది, అది వంగదు. వెనక్కి తిరిగి ఎక్కుతానంది. బావ, "నేను పట్టుకుంటాను అత్తయ్యగారూ" అన్నాడు. ఆవిడ నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా, "మోకాలు సంగతి దేవుడెరుగు, ఈ చీరతో ఆ కమ్మీ మీదుగా కాలు ఎలా వెయ్యనే, అల్లుడి ముందు" అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ప్యాంటు వేసుకునే వాళ్ల కాళ్లకి కొలిచి కట్టిన మెట్టు అది.

కాసేపు అలా గుంజ పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత చెప్పింది, చిన్నప్పుడు బడికి వెళ్లేటప్పుడు పంటకాలవ మీద ఒంటి తాటిపట్టె ఉండేదట, వాన పడితే పాచి పట్టి జారేది, చేతిలో పలక, నెత్తి మీద క్యారేజీ పెట్టుకుని దాని మీద పరుగెత్తేదట. "ఇప్పుడు చూడు, రెండడుగుల కంచె."

వెనక్కొచ్చి బస్సెక్కాం. ఆష్‌ఫోర్డ్‌లో పాత రాతి వంతెన ఉంది, దాని పక్కన గొర్రెల్ని కడిగే దొడ్డి. పిల్లల్ని ఒక ఒడ్డున దొడ్డిలో కట్టేసి, తల్లుల్ని అవతలి ఒడ్డున నీళ్లలోకి తోసేవాళ్లట, పిల్లల కోసం అవి ఈదుకుంటూ వచ్చేవి, ఉన్ని శుభ్రం. అమ్మ అక్క వైపు చూసి "నన్నూ అలాగే రప్పించారుగా ఎనిమిదివేల కిలోమీటర్లు" అంది.

మే 14, మంగళవారం: మోన్సాల్ ట్రెయిల్

నిన్నటి దెబ్బకి అక్క రాత్రంతా వెతికింది. స్టైల్ లేని దారి కావాలి. చిక్కేమిటంటే మామూలు మ్యాపుల్లో దారి ఉంటుంది కానీ దాని మీద ఎన్ని స్టైళ్లు, ఎలాంటి గేట్లు ఉన్నాయో ఉండదు. ఆఖరికి ఒకప్పటి రైలు కట్ట దొరికింది. 1968లో రైళ్లు ఆగిపోతే పట్టాలు తీసేసి నడకదారి చేశారు, ఎనిమిదిన్నర మైళ్లు, 2011లో సొరంగాలు కూడా తెరిచారు. రైలు ఏటవాలు ఎక్కలేదు కాబట్టి దారంతా చదును. అమ్మ మోకాలికి, బుజ్జిగాడి తోపుడుబండికి ఇంతకంటే ఏం కావాలి.

పక్కింటివాళ్లు మడతపెట్టే చక్రాల కుర్చీ ఇచ్చారు, ముందు జాగ్రత్తగా. అమ్మ దాన్ని చూసి మొహం ముడుచుకుంది. "నేనేమన్నా నడవలేనా?" దాంట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం, మంచినీళ్లు, గొడుగులు పెట్టి తనే తోసుకుంటూ బయల్దేరింది. ఎదురొచ్చినవాళ్లు ఖాళీ కుర్చీలో డబ్బాలు చూసి, అమ్మని చూసి, నవ్వి "మార్నింగ్" అంటున్నారు. అక్కడ పొలం దారిలో ఎదురుపడితే ఏదో ఒకటి అనాలి, అదే షెఫీల్డ్ వీధిలో అంటే వింతగా చూస్తారట. ఎక్కడ ఊరు అయిపోయి ఎక్కడ పలకరింపు మొదలవుతుందో నాకు చివరిదాకా అంతుపట్టలేదు.

పాత హాసప్ స్టేషన్ ఇప్పుడు కాఫీ హోటలు. అక్కడ డెర్బీషైర్ ఓట్‌కేక్ తిన్నాం, పేరుకి కేకు, చూడ్డానికి మెత్తటి అట్టు. ఓట్స్ పిండి పులియబెట్టి పెనం మీద పోస్తారు, లోపల చీజు. అమ్మ రెండు ముక్కలు తిని "పచ్చిమిర్చి, జీలకర్ర పడితే రవ్వట్టే" అని తేల్చేసింది. హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఆవకాయ చిన్న సీసా బయటికి రాకుండా అక్క ఆపింది. సగం దారిలో బెంచీ మీద అది ఎలాగూ బయటికొచ్చింది.

హెడ్‌స్టోన్ సొరంగం దాదాపు అరకిలోమీటరు, లోపల దీపాలు, గోడల నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు. అమ్మ మొదట భయపడింది, సగంలో "గోవిందా" అని గట్టిగా అంటే ప్రతిధ్వని వచ్చింది, ఇక బుజ్జిగాడు ఆగుతాడా? సొరంగం బయట పడగానే కాలి కింద వంతెన, కింద లోయ, లోయలో మెలికలు తిరిగే ఏరు. ఈ రైలు వంతెన 1860ల్లో కట్టాక జాన్ రస్కిన్ అనే పెద్ద రచయిత మండిపడ్డాడట, బక్స్‌టన్‌లో ఉండే ప్రతి తెలివితక్కువవాడూ అరగంటలో బేక్‌వెల్ చేరడానికి ఇంత అందమైన లోయని పాడుచేశారని. ఇప్పుడు ఆ వంతెన ఫొటోనే జనం ఫ్రేము కట్టించుకుంటున్నారు. ఆయన తిట్టుకున్న ఆ రైలు కట్టే లేకపోతే మా అమ్మ ఈ లోయ చూసేది కాదు.

వంతెన మీద నాలుగు చక్రాల బ్యాటరీ బండి మీద ఒక ముసలాయన కనపడ్డాడు, మన త్రీవీలర్ స్కూటీకి అన్నలాంటి బండి, గట్లూ బురదా కూడా ఎక్కుతుందట. ఆయన అమ్మ కుర్చీలో డబ్బాల గురించి అడిగి, మా నిన్నటి కథ విని, మెడలోంచి ఓ పెద్ద తాళంచెవి తీసి చూపించాడు. దాన్ని రాడార్ కీ అంటారు. 1981 నుంచి దేశమంతా వికలాంగుల టాయిలెట్లకి ఒకటే తాళంచెవి, అదే ఇప్పుడు కొన్ని పొలం గేట్లకీ పనిచేస్తుందట. ఐదు పౌండ్ల చిల్లర. "ఇది ఉంటే కొన్ని కిస్సింగ్ గేట్లు పూర్తిగా తెరుచుకుంటాయి" అన్నాడు.

అమ్మ "ఏం గేటు?" అంది. అక్క తెలుగులో చెప్పబోయి ఆగింది. నేను నవ్వాపుకోలేక పక్కకి తిరిగాను. బావ గొంతు సవరించుకుని, "ముద్దు అంటే... అంటే గేటు అటు గుంజనీ ఇటు గుంజనీ ఆనుకుంటుందన్నమాట అత్తయ్యగారూ, అంతే, మనుషులు కాదు" అన్నాడు. సగం గుండ్రటి చిన్న కంచెలో ఊగే గేటు అది, ఒక్కో మనిషే లోపలికెళ్లి, గేటు అటు తోసి బయటపడాలి, పశువులు దాటలేవు. అమ్మ ఆ తర్వాత ఆ గేటుని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "ఆ గేటు" అనే అంటుంది.

తిరుగుదారిలో కిలోమీటరు ఉందనగా, ఎవరూ ఏమీ అనకుండానే డబ్బాలు బావ చేతికిచ్చి కుర్చీలో కూర్చుంది. ఎవరమూ మాట్లాడలేదు.

మే 15, బుధవారం: ఈడేల్

కొండల మధ్య చిన్న ఊరు. ఇక్కణ్నించే పెన్నైన్ వే అని 268 మైళ్ల నడకదారి స్కాట్లండ్ సరిహద్దు దాకా పోతుంది. వెనకున్న పెద్ద కొండ కిండర్. 1932 ఏప్రిల్ 24న వందలమంది కూలీలు, కుర్రాళ్లు, ఆ కొండ మీద నడిచే హక్కు కావాలని అవతలి పక్క నుంచి అనుమతి లేకుండా ఎక్కేశారు. అప్పట్లో అదంతా జమీందార్ల వేటభూమి. ఐదుగురు జైలుకెళ్లారు. ఆ తర్వాత 1949లో చట్టం వచ్చింది, ప్రతి కౌంటీ కౌన్సిలూ (మన జిల్లా పరిషత్తు లాంటిది) తన పరిధిలోని కాలిబాటలన్నీ ఒక అధికారిక మ్యాపులో గీయాలని. గీత పడ్డాక ఆ దారిని ఎవడూ అంత తేలిగ్గా మింగలేడు. అమ్మ ఇది విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పుంత గుర్తొచ్చిందని నాకు తెలుసు.

ఇక్కడ మళ్లీ దారి తప్పాం. పసుపు బాణం కాలిబాట, నీలం బాణం గుర్రాలూ సైకిళ్లూ కూడా వెళ్లే దారి. ఒక గుంజకి రెండు పసుపు బాణాలున్నాయి, ఈసారి అక్క మాట విన్నాం, నేరుగా ఒక రైతు పెరట్లో తేలాం. ఆరేసిన బట్టల మధ్య, కుక్క అరుస్తుంటే, ఎవరో తిడతారనుకున్నాం. పెద్దావిడ బయటికొచ్చి, ఇలా రోజుకి నలుగురైనా వస్తారని, అసలు దారి గోడ అవతల అని, గేటు తీసి ఇటే వెళ్లమని చెప్పింది. గేటు మళ్లీ ఎలా ఉంటే అలా పెట్టమంది, మూసుంటే మూసి, తెరిచుంటే తెరిచి. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ గొంతు కాస్త గట్టిగా ఉంది.

కొద్దిదూరంలో ఒకాయన మెరిసే పసుపు కోటు వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని గేటు గడియకి నూనె పోస్తున్నాడు. జీతం లేని పని, రిటైరయ్యాక వారానికో రోజు వస్తాడట. పక్కన గడ్డిలో పాత స్టైల్ చెక్కలు పడున్నాయి, ఒకటి నడిమధ్యన అరిగిపోయి గుంట పడి, ఎన్ని వేల బూట్లు ఎక్కాయో. అమ్మ ఆ చెక్క మీద అరచెయ్యి పెట్టి చూసింది. కొత్త గేటు వేలితో తోస్తే తెరుచుకుంది, వదిలేస్తే దానంతటదే మెల్లగా వెనక్కొచ్చి టక్కున పడింది. అమ్మ దాటింది. వెనక్కొచ్చి మళ్లీ దాటింది. పనేమీ లేదు, ఊరికే.

ఆయన దగ్గర అరగంట కూర్చున్నాం, నేను అడిగింది అక్క అడిగి, ఆయన చెప్పింది అక్క చెప్పి. సంగతేమిటంటే, కంచెలో దారి ఎలా పెట్టాలో వాళ్లకో బ్రిటిష్ స్టాండర్డ్ ఉంది, బీఎస్ 5709, 2018లో సవరించారు. నడిచేవాడికి అతి తక్కువ అడ్డం ఏదో అదే పెట్టాలన్నది దాని సారం. పశువులే లేకపోతే కంచెలో ఊరికే ఖాళీ వదిలేయాలి. పశువులుంటే గేటు. అదీ కుదరకపోతే "ఆ గేటు". స్టైల్ అన్నిటికంటే ఆఖరు. గేటు వెడల్పు కనీసం 1.1 మీటర్లు ఉండాలి. అయితే ఇది స్టాండర్డే, చట్టం కాదు. 1980 నాటి రోడ్ల చట్టం ప్రకారం గేటైనా స్టైలైనా బాగుచేయించాల్సింది పొలం యజమాని, ఖర్చులో కనీసం పావు వంతు కౌన్సిల్ ఇస్తుంది. కొత్తగా స్టైల్ పెట్టాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి. కానీ ఎప్పట్నుంచో ఉన్న స్టైల్, అదీ గట్టిగా ఉన్నది, తీసేయమని రైతుని బలవంతం చేయడం కష్టం. బతిమాలుకోవాలి, లేదంటే అది విరిగేదాకా ఆగాలి. గేటు ఉచితంగా ఇస్తాం, మేమే బిగిస్తాం అంటే చాలామంది ఒప్పుకుంటారట.

ఒప్పుకోనివాళ్ల మాటా విన్నాం. నాలుగు చక్రాల మోటారుబండి మీద కుక్కని వెనక కూర్చోబెట్టుకుని ఒక రైతు వచ్చి ఆగాడు. ఆయన వాదన సూటిగా ఉంది. స్టైల్‌ని ఎవడూ తెరిచి వదిలేసి పోలేడు. గేటైతే సెలవురోజున ఒక్కడు రాయి అడ్డంపెట్టి పోతే చాలు, పిల్లలు వేసిన గొర్రెలు రోడ్డెక్కుతాయి. దానంతటదే మూసుకునే గేటని చెప్పి ఇస్తారు, రెండు చలికాలాలకి గుంజ వంగుతుంది, గడియ అందదు, అప్పుడు ఫోన్ చేస్తే ఎవరొస్తారు? నాకైతే ఆయన మాట కొట్టిపారేయాలనిపించలేదు. గేటు పెట్టి ఫొటో దిగడం తేలిక, నూనె పోయడానికి ఏటేటా మనిషి ఉండాలి. పసుపు కోటాయన తల వంచుకుని గడియ తుడుస్తూనే ఉన్నాడు.

ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల గేటు దానం చేసే పథకాలున్నాయట. చనిపోయినవాళ్ల పేరు మీద కొన్ని వందల పౌండ్లు ఇస్తే స్టైల్ తీసి గేటు పెట్టి, చిన్న రేకు మీద పేరు చెక్కుతారు. అమ్మ వెంటనే, "మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాస్తారు చూడు, తిరిగితే కనపడదు, ఆగితే గాలి రాదు. ఇది నయం" అంది.

మే 16, గురువారం

వాన. ఇల్లు. పప్పుచారు, అప్పడాలు. బావ ఆఫీసు. అమ్మకి రాడార్ కీ ఆర్డర్ పెట్టాలా వద్దా అన్నదాని మీద పొద్దున్నంతా వాదన, "నాకెందుకు, నేనేమన్నా..." అని ఆవిడ. అక్క పక్కవీధి ముసలావిడ దగ్గర అరువు తెచ్చేసింది.

మే 17, 18: కెజిక్

లేక్ డిస్ట్రిక్ట్, ఇంగ్లండ్ వాయవ్యాన సరస్సులూ కొండలూ ఉన్న ప్రాంతం. షెఫీల్డ్ నుంచి కారులో మూడున్నర గంటలు, మధ్యలో బుజ్జిగాడి వాంతి ఒకటి. ఇక్కడి నేషనల్ పార్కువాళ్లు "స్టైళ్లు లేని మైళ్లు" అని యాభై దాకా దారులు గుర్తించి పెట్టారు. నాకు నచ్చింది వాటికి పెట్టిన గ్రేడ్లు: అందరికీ, చాలామందికి, కొందరికి. ఎంత వాలు, ఎక్కడ రాళ్లు, ఎక్కడ గేటు, ముందే చెప్పేస్తారు. "సులువు, కష్టం" అని రాస్తే ఎవరికి సులువు? నాకు సులువైంది అమ్మకి కాదని బేక్‌వెల్‌లోనే తెలిసొచ్చింది.

మొదటి సాయంత్రం సరస్సు ఒడ్డున ఫ్రయర్స్ క్రాగ్ దాకా. నున్నటి దారి, చివర్న పైన్ చెట్ల మధ్య రాతిముక్కు, ఎదురుగా నీళ్లు, అవతల కొండలు. అక్కడో స్మారకశిల, చూస్తే మళ్లీ రస్కినే! చంటివాడిగా ఆయా ఈ గట్టు మీదికి తీసుకొచ్చిందట, తన జీవితంలో మొదటి జ్ఞాపకం అదేనని రాసుకున్నాడట. "తననైతే ఎవరో తీసుకొచ్చారు, రైల్లో వచ్చేవాళ్లంటే మాత్రం కోపం" అంది అక్క. నేను ఆయన పక్షాన ఏదో అనబోయి మానేశాను.

మర్నాడు త్రెల్‌కెల్డ్ వైపు పాత రైలుదారి, సుమారు ఐదు కిలోమీటర్లు. 2015 డిసెంబర్ తుఫానులో వంతెనలు కొట్టుకుపోయి, ఐదేళ్లకి 2020 డిసెంబర్లో మళ్లీ తెరిచారు. అప్పుడు తారు వేస్తామంటే చాలామంది గొడవ చేశారట, పల్లెదారి పల్లెదారిలా ఉండాలి, తారేస్తే టౌను రోడ్డులా ఉంటుందని. ఆ మాటలో కొంత నిజముంది, చూడ్డానికి అంత ముచ్చటగా ఏమీ లేదు. కానీ ఆ గంటలో చక్రాల కుర్చీలు మూడు, తోపుడుబండ్లు లెక్కలేనన్ని, తెల్లకర్ర పట్టుకుని ఒకావిడ, అందరూ ఎవరినీ పిలవకుండా వాళ్లంతట వాళ్లు పోతున్నారు. కంకర దారి మీద చక్రం తోసి చూస్తే, అందం గురించి మన వాదన కాస్త తగ్గుతుంది.

గట్ల మీద హెర్డ్‌విక్ గొర్రెలు. పిల్లలు నల్లగా పుడతాయి, పెరిగేకొద్దీ తెల్లబడతాయి. "మనకి తల ఒక్కటే, వాటికి ఒళ్లంతా" అంది అమ్మ. రాత్రి ఫిష్ అండ్ చిప్స్, పన్నెండు పౌండ్లు. చేప పెద్దదే, ఉప్పూ లేదు కారమూ లేదు. ఆవకాయ సీసా ఖాళీ.

మే 19, ఆదివారం: టార్న్ హౌజ్

చిన్న చెరువు, చుట్టూ అడవి. చూస్తే దేవుడు చేసినట్టుంటుంది, నిజానికి పందొమ్మిదో శతాబ్దంలో ఆనకట్ట వేసి మూడు చిన్న మడుగుల్ని కలిపేశారు. చుట్టూ దారి మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ. కొన్నిచోట్ల వాలుంది, కుర్చీ తోసేవాళ్లకి గట్టి చేతులుండాలి. నల్లటి ఆవులు, నడుముకి తెల్లపంచె చుట్టినట్టు వెడల్పాటి పట్టీ.

ఒక పక్కదారిలో "ఆ గేటు" వచ్చింది. తోపుడుబండి అందులో తిరగలేదు, ముందుచక్రం లోపల, వెనకచక్రం బయట, మధ్యలో బుజ్జిగాడు ఏడుపు. గుంజకి తాళం ఉంది. అమ్మ పర్సులోంచి అరువు తాళంచెవి తీసింది. మూడుసార్లు తప్పుగా తిప్పింది, మేం అందుకోబోతే మోచేత్తో తోసేసింది. నాలుగోసారి గేటు బార్లా తెరుచుకుంది. వెనకాల ఆగిన ముసలి జంట చప్పట్లు కొట్టారు. బండి దాటింది, మేం దాటాం, వాళ్లని కూడా రమ్మని చెయ్యి ఊపి, అందరూ వెళ్లాక తాళం వేసి, గేటు రెండుసార్లు లాగి చూసి, అప్పుడొచ్చింది. ఇంటి దగ్గర గ్యాసు కట్టేశామా అని చూసినట్టు.

ఖర్చుల మాటకొస్తే, కెజిక్‌లో రెండు రాత్రులు గది, పెట్రోలు, తిండి కలిపి మా ఐదుగురికీ నాలుగొందల పౌండ్లు దాటింది. పార్కింగ్ మాత్రం ఒళ్లు మండే ఖర్చు, చెరువు పక్కన కారు పెడితే పిఠాపురంలో ఒక పూట భోజనాలు అయిపోతాయి. కాలిబాటలకి ఎక్కడా టికెట్ లేదు.

వచ్చేముందు అక్క ఆ బేక్‌వెల్ దగ్గర స్టైల్ ఫొటో, మ్యాపు మీద గుర్తు పెట్టి కౌన్సిల్‌కి ఆన్‌లైన్లో పంపింది, మెట్టు కదులుతోందని, పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారని, గేటు పెట్టగలరా అని. ఫిర్యాదు నంబరు వచ్చింది. నిన్న వీడియో కాల్‌లో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న బుజ్జిగాడి జలుబు గురించి కాదు, ఆ చెక్క తీశారా అని.

"అప్పుడేనా అమ్మా? రెండు వారాలు కూడా కాలేదు" అంది అక్క.

"సరేలే, తొందరేం లేదు" అంది అమ్మ. "మన పుంతలో కొబ్బరిమొక్కలు పాతేశారని మీ తాతయ్య అర్జీ పెట్టి పదకొండేళ్లయింది. దానికి నంబరు కూడా ఇవ్వలేదు."